ఎక్స్‌పాన్షన్ బస్ చరిత్ర: ప్రమాణం ఎవరి చేతిలో ఉంటే మార్కెట్ వారిదేనా?

మేధో సంపత్తి హక్కుల మీద సమాధానం రాయమంటే మనలో చాలామంది మందుల పేటెంట్ల దగ్గరే ఆగిపోతాం. జీఎస్-3లో వాడుకోదగ్గ మరో మంచి ఉదాహరణ డెస్క్‌టాప్ కంప్యూటర్ లోపలే ఉంది. అదే ఎక్స్‌పాన్షన్ బస్. ఇంజినీరింగ్‌లో దీన్ని పిన్ల లెక్కగా చదివి వదిలేశాం. ఇప్పుడు చరిత్రగా చూద్దాం.

మదర్‌బోర్డు మీద పొడవాటి స్లాట్లు మీరు చూసే ఉంటారు. గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు వాటిలోనే పెడతాం. ఏ పిన్ మీద ఏ సిగ్నల్, ఎంత వోల్టేజీతో, ఏ క్షణంలో రావాలో చెప్పే నియమాలే బస్ ప్రమాణం. ఆ నియమాలు తెలియకుండా ఎవరూ కార్డు తయారు చేయలేరు. అంటే ఇక్కడ అసలు ఆస్తి సమాచారమే.

1981: అందరికీ దొరికిన మాన్యువల్

1981 ఆగస్టులో ఐబీఎం తన పీసీని విడుదల చేసింది. అందులో 5 స్లాట్లు, 8 బిట్ల బస్ ఉన్నాయి. సర్క్యూట్ చిత్రాలతో సహా టెక్నికల్ రిఫరెన్స్ మాన్యువల్‌ను కూడా కంపెనీ అమ్మింది. అది కొన్నవారెవరైనా కార్డు తయారు చేయవచ్చు. బయోస్ ప్రోగ్రామ్ మీద మాత్రం ఐబీఎంకు కాపీరైట్ ఉండేది. కాంపాక్ దాన్ని కాపీ కొట్టకుండా, అదే పని చేసే బయోస్‌ను సొంతంగా రాసుకుంది. 1984లో పీసీ ఏటీతో బస్ 16 బిట్లకు పెరిగింది. అప్పటికే అనుకూల పీసీల తయారీదారులు పెరిగి, ఐబీఎం పట్టు సడలసాగింది.

1987: లైసెన్స్ షరతు

1987లో ఐబీఎం పీఎస్/2 కంప్యూటర్లతో మైక్రో ఛానల్ అనే కొత్త బస్ తెచ్చింది. సాంకేతికంగా అది మెరుగైనదే. 32 బిట్ల సామర్థ్యం ఉంది, కార్డు మీద జంపర్లు మార్చే బాధ లేదు. కానీ దాని మీద పేటెంట్లున్నాయి. వాడుకోవాలంటే లైసెన్స్ తీసుకుని రుసుము కట్టాలి. పాత కార్డులు అందులో పట్టవు.

1988లో కాంపాక్, హెచ్‌పీ, ఎన్ఈసీ, ఎప్సన్ సహా 9 కంపెనీలు కలిసి ఈఐఎస్ఏ ప్రమాణాన్ని ప్రకటించాయి. ఇది 32 బిట్లది, పాత కార్డులనూ అంగీకరించేది. ఏటీ బస్‌కు ఐఎస్ఏ అన్న పేరు స్థిరపడింది కూడా ఈ సందర్భంలోనే. చివరికి ఈ రెండు కొత్త బస్‌లనూ పక్కకు నెట్టింది 1992లో ఇంటెల్ తెచ్చిన పీసీఐ. దాని నిర్వహణ అనేక కంపెనీల సంఘమైన పీసీఐ-సిగ్‌కు వెళ్లింది. నేటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ కూడా ఆ సంఘం చేతిలోనే ఉంది. అయితే పూర్తి ప్రమాణ పత్రాలు కావాలంటే రుసుము కట్టాలి. పెద్ద కంపెనీకి అది చిన్న ఖర్చే. చిన్న తయారీదారుకు, విద్యార్థికి మాత్రం అడ్డంకే.

మనకేం సంబంధం?

విదేశీ వాటాపై ఫెరా చట్టం పెట్టిన పరిమితిని అంగీకరించక ఐబీఎం 1978లో భారత్ నుంచి వెళ్లిపోయింది. 1984 నవంబరు నాటి కంప్యూటర్ విధానం దిగుమతులను సడలించాక, మన కంపెనీలు ఐబీఎం అనుకూల పీసీల తయారీ వైపు మళ్లాయి. ఐబీఎం దేశంలో లేకపోయినా ఇది సాధ్యపడిందంటే, ఆ ప్రమాణం బహిరంగంగా అందుబాటులో ఉండటం ఒక ముఖ్య కారణం. 2010లో కేంద్రం ఈ-గవర్నెన్స్ కోసం ఓపెన్ స్టాండర్డ్స్ విధానాన్ని ప్రకటించి, రాయల్టీ లేని ప్రమాణాలకు మొగ్గు చూపింది.

కాబట్టి ‘ఓపెన్’ అన్న మాట కనిపించగానే మూడు ప్రశ్నలు వేసుకోండి. పత్రం దొరుకుతుందా? దాన్ని వాడుకునే హక్కు ఉందా? రేపు దాన్ని మార్చే అధికారం ఎవరిది? 1981 మాన్యువల్ మొదటి రెండింటికీ చాలావరకు అవునంది, మూడోది ఐబీఎం దగ్గరే ఉంది. మైక్రో ఛానల్ రెండో ప్రశ్న దగ్గర తడబడింది. పీసీఐ మూడోదాన్ని ఒక్క కంపెనీ చేతి నుంచి తప్పించింది, కానీ మొదటిదానికి రుసుము పెట్టింది. 5జీ పేటెంట్ల మీద ప్రశ్న వచ్చినా ఇదే చట్రం పనికొస్తుంది.

సాధన ప్రశ్న: “మెరుగైన సాంకేతికత కంటే అందరికీ అందే ప్రమాణమే మార్కెట్‌ను నిలబెడుతుంది.” ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)