పోరుమామిళ్ళ శాసనం చెప్పిన మూడవ దోషం

కడప సీమలోని పోరుమామిళ్ళలో, భైరవాలయం ఎదుట నిలిపిన రెండు రాతిఫలకాలపై ఒక సంస్కృత శాసనం ఉంది. కాలం శకవర్షం 1291, అనగా క్రీ.శ. 1369. మొదటి బుక్కరాయల కుమారుడై ఉదయగిరిని ఏలిన భాస్కరుడు ఆ ఊరికి చెరువు కట్టించి అనంతరాజసాగరమని పేరు పెట్టిన వృత్తాంతం అందులోని విషయం. చెరువు కట్టించినవారిని కీర్తించే శాసనాలు దక్షిణాపథంలో కోకొల్లలు. చెరువు ఎలా కట్టాలో చెప్పే శాసనం మాత్రం బహు అరుదు.

వర్షం మొహం చాటేసే ఈ సీమలో చెరువు విలాసం కాదు. పొరుగున ఉన్న అనంతపురంలో ఏటి సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే. ఆ కొద్దిపాటి వాన కూడా నాలుగు రోజుల్లో కురిసి, వాగులై, పోతుంది. దానిని పట్టి నిలపడమే ఇక్కడి జలవిజ్ఞానం.

మంచి తటాకానికి పన్నెండు సాధనాలు కావాలని శాసనకర్త లెక్కించాడు. ధర్మపరుడు, సంపన్నుడు, శాశ్వత కీర్తిని కోరేవాడు అయిన రాజు మొదటిది. జలశాస్త్రం తెలిసిన విద్వాంసుడు రెండవది. గట్టి మట్టినేల, మూడు యోజనాల దూరం నుండి ప్రవహించి వచ్చే తియ్యనీటి నది, దానిని ఒరసుకొని ఉన్న కొండలు, ఆ కొండల నడుమ మరీ పొడవుగాని గట్టి రాతికట్ట, విశాలమూ లోతూ గల గర్భం, నిడుపాటి రాళ్ళు దొరికే గని, దగ్గరలో చదునైన సారవంతమైన పొలాలు వంటివి తరువాతివి. పని నేర్చిన మనుషుల బృందం చివరిది. రోజుకు వేయిమంది కూలీలు, రాళ్ళు తోలే నూరు బండ్లు, రెండేళ్ళ కాలం పట్టాయని కూడా చెప్పి ఊరుకున్నాడు. రాజు పేరు పక్కన కూలీల లెక్కకు చోటిచ్చిన కవిని మెచ్చుకోవలసిందే.

ఆ తరువాత ఆరు దోషాలు. కట్టనుండి నీరు ఊరడం, చౌడునేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడుమ తాబేలు వీపువంటి మెరక, నీరు కొంచెమై సాగునేల విస్తారంగా ఉండడం, నేల కొంచెమై నీరు అధికంగా ఉండడం. ఐదు దోషాలు నేలకూ నీటికీ సంబంధించినవి. మూడవది ఒక్కటే మనుషులకు సంబంధించినది. అది ఎందుకు దోషమో శాసనం వివరించలేదు. చెరువు కట్టడంతో పని తీరదు. ఏటా పూడిక తీయాలి, కట్టకు మట్టి వేయాలి, తూము కాపాడాలి. అందుకే దశబంధ మాన్యాలు ఇచ్చారు, నీరుగంటిని పెట్టారు. పొలిమేర చెరువుకు ఆ మాన్యం ఎవరివ్వాలి?

ఆంగ్లేయుల కాలంలో మొదటి సాధనమే మారిపోయింది. తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి కర్నూలు - కడప కాలువ తవ్వినది రాజు కాదు, 1858లో లండనులో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. పది లక్షల పౌన్ల మూలధనానికి ప్రభుత్వం ఐదు శాతం వడ్డీ హామీ ఇచ్చింది. కాలువ వెళ్ళిన దారిలో నల్లరేగడి భూములు ఎక్కువ. జొన్న, పత్తి వానకే పండే చోట రైతు నీటితీరువా చెల్లించడానికి ముందుకు రాలేదు. 1876-78 కరువులో మాత్రం నీటికోసం వచ్చాడు. కంపెనీ నష్టాలు తీరక 1882లో ప్రభుత్వమే కాలువను కొనవలసి వచ్చింది.

అదే నదిపై ఎగువన, హోస్పేట దగ్గర, శాసనం వద్దన్న చోటనే పెద్ద ఆనకట్ట లేచింది. ఒక ఒడ్డు మద్రాసుది, మరొకటి నిజాముది. 1944 ఒప్పందం చెరి 65 టి.ఎం.సి.లు పంచింది. 1945లో పని మొదలైంది, 1953లో నీరు నిలిచింది. ఆ ఏడే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, బళ్ళారి ప్రాంతం మైసూరులో చేరింది. 1956లో ఎడమ ఒడ్డు కూడా అటే వెళ్ళింది. అనంతపురానికి నీళ్ళిచ్చే కాలువల మొదలు పొరుగు రాష్ట్రంలో, చివర ఇక్కడ మిగిలాయి. దోషాన్ని తప్పించలేకపోయినా తుంగభద్ర బోర్డు రూపంలో దానికొక విరుగుడును 1953లోనే ఆలోచించారు. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, పారే నీటిలోనే తాత్కాలిక గేటు దించి నిలువను కాపాడగలిగారు.

నాలుగవ దోషం మాత్రం నెమ్మదిగా పెరుగుతోంది. తొలుత 133 టి.ఎం.సి.లు పట్టిన జలాశయం పూడిక చేరి ఇప్పుడు సుమారు 105 పడుతోంది. ఆ నష్టం పూరించేందుకు కర్ణాటక నవలి వద్ద ప్రతిపాదించిన సమతుల్య జలాశయానికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల సమ్మతి కూడా కావాలి.