గులకరాళ్ల నుంచి షుగర్ దాకా

తెలుగిళ్లలో టీలో కలిపేది చక్కెరో పంచదారో. ‘షుగర్’ అంటే మాత్రం చాలామందికి ముందు గుర్తొచ్చేది జబ్బు. “మా నాన్నకు షుగరుంది” అన్నప్పుడు అది ఇంగ్లీషువాళ్లు తెచ్చిన మాటే అనిపిస్తుంది. తెచ్చింది వాళ్లే గానీ, అది మన చక్కెరకు తోబుట్టువు.

రెండింటికీ మూలం సంస్కృతంలోని ‘శర్కర’. దానికి అసలు అర్థం తీపి కాదు. గులకరాళ్లు, గరుకు ఇసుక. చెరకు రసం కాచగా పేరుకున్న పలుకులు అలాగే కనిపించాయేమో, ఆ పేరే వాటికీ స్థిరపడింది. అది ప్రాకృతంలో ‘సక్కర’గా అరిగి, తెలుగులో ‘చక్కెర’ అయింది.

పడమటికి వెళ్లిన శాఖ పర్షియన్‌లో ‘షకర్’, అరబ్బీలో ‘సుక్కర్’ అయింది. అరబ్బులు సిసిలీలో, స్పెయిన్‌లో చెరకు వేశారు. పంటతోపాటు పేరూ నాటుకుంది. స్పానిష్‌వాళ్లు ఇంగ్లీషు ‘ద’ లాంటి అరబ్బీ ‘అల్’ను కూడా కలిపేసుకుని ‘అసూకర్’ అన్నారు. లాటిన్‌లో ‘సుక్కరుమ్’, ఫ్రెంచిలో ‘సూక్ర్’ అయిన మాట 13వ శతాబ్దం నాటికి ఇంగ్లీషుకు చేరింది.

వెంట ‘ఖండం’ కూడా వెళ్లింది. ముక్క అనే అర్థమున్న ఆ మాటే పర్షియన్, అరబ్బీ, ఫ్రెంచి దాటి ‘క్యాండీ’ అయింది. మన కండచక్కెరలోని ‘కండ’ కూడా అదే.

ఇంగ్లీషులోకి శర్కర ఇంకో రెండు దారుల్లోనూ వచ్చింది. ఒకటి సముద్రం మీదుగా. కేరళ తీరంలో దిగిన పోర్చుగీసువాళ్లు అక్కడి ‘శర్కర’, ‘చక్కర’ అనే మాటలను ‘జాగర’గా పలికారు. బెల్లాన్ని ఇంగ్లీషులో ‘జాగరీ’ అనడం అలా వచ్చిందే.

రెండోది అన్నిటికన్నా పాతది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అలెగ్జాండర్ నౌకాదళాధిపతి నియార్కస్, తేనెటీగలు లేకుండానే తేనెనిచ్చే రెల్లు భారతదేశంలో ఉందని చెప్పాడు. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో గ్రీకు వైద్యుడు డయాస్కోరిడీస్ ఆ రెల్లు తేనెను ‘సక్ఖరోన్’ అన్నాడు. ఉప్పులా పళ్ల మధ్య నలుగుతుందని రాశాడు. శర్కర గరుకుదనం అతని పంటికీ తగిలిందన్నమాట. అప్పట్లో గ్రీకులకు, రోమన్లకు అది వంటింటి సరుకు కాదు, మందు.

ఆ గ్రీకు మాట 19వ శతాబ్దంలో మళ్లీ అక్కరకొచ్చింది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో తారు రసాయనాలతో పనిచేస్తున్న ఫాల్‌బర్గ్ అనే శాస్త్రవేత్త, చేతులు సరిగా కడుక్కోకుండా భోజనానికి కూర్చున్నాడు. రొట్టె తియ్యగా తగిలింది. చేతికంటిన ఆ తీపి రసాయనానికి తర్వాత పెట్టిన పేరు ‘శాకరిన్’. అందులో చెరకు రసం చుక్క లేదు, చక్కెర పలుకూ లేదు. షుగరున్నవాళ్ల టీలోకి చక్కెరకు బదులుగా వచ్చిన ఆ బిళ్ల పేరులోనూ ఉన్నది శర్కరే.