తెర తొలగని రణరంగం

ప్రష్యా సైనికాధికారి రైస్విట్స్ 1824లో ప్రకటించిన యుద్ధక్రీడలో ప్రత్యర్థులు దళాలను తామై కదపరు. ఆజ్ఞలు కాగితంపై రాసి మధ్యవర్తికిస్తారు. పటంపై దళాలను నడిపేదీ, పాచికలు వేసి నష్టాలు లెక్కగట్టేదీ అతడే. శత్రువు కంటబడినంత మేరకే ఆటగాడికి తెలుస్తుంది. హెచ్.జి. వెల్స్ 1913లో వెలువరించిన 'లిటిల్ వార్స్'లో మోహరింపు వేళ మాత్రమే అడ్డుతెర. అది తొలగాక బొమ్మ సైనికులంతా ఇద్దరి కళ్ళెదుటే. వినోదం పెరిగింది, అనిశ్చితి తగ్గింది.

2020లో కోవిడ్ తలుపులు మూయించినప్పుడు ఈ బొమ్మల పోరు వీడియో కాల్‌లోనూ సాగింది. బల్ల ఒకరి ఇంట, ప్రత్యర్థి మరో ఊళ్ళో. కెమెరాకు అందని కొండచాటున ఏముందో దూరపు ఆటగాడికి కనబడదు. దీన్ని లోపమనడం తేలికే గాని, రైస్విట్స్ కావాలని కల్పించిన చీకటీ ఇలాంటిదే. ఒక్క తేడా: నాటి మధ్యవర్తి తటస్థుడు, నేడు ఇరుసేనలనూ కదిపి, కొలబద్దతో దూరాలు కొలిచేది చాలాసార్లు ప్రత్యర్థే.