ఏమీ రానివాళ్లే మొదలుపెట్టారు: వెబ్ పేజీ చరిత్ర, మన ఆదివారాలు

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడినదాన్ని కొంచెం సర్ది, రాతలోకి మార్చి ఇక్కడ పెడుతున్నాను. డ్యూటీలో ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం కుదరనివాళ్లు, నెలాఖరుకి డేటా అయిపోయినవాళ్లు తీరిగ్గా చదువుకోవచ్చు.

మాకు వచ్చే వాయిస్ మెసేజ్‌లలో ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "అన్నా, నేను టెన్త్ వరకే చదివాను. కంప్యూటర్ ముట్టుకోలేదు. వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకోవచ్చంటావా?" దమ్మామ్ నుంచి అడిగారు, కువైట్ నుంచి అడిగారు, ఇక్కడ మా పక్క గదిలోంచి కూడా అడిగారు. అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పడం తేలికే. కానీ ఈ వెబ్‌ని ఎవరు, ఎందుకు, ఎలా మొదలుపెట్టారో తెలిస్తే జవాబు మీకే దొరుకుతుంది. అందుకే కోచింగ్ సెంటర్ మాటలు పక్కనపెట్టి ఈసారి చరిత్ర చెప్తాను.

నేనుండేది సింగపూర్‌లో పడమటి వైపు, బుకిట్ బటోక్‌లో. మలయ్ భాషలో బుకిట్ అంటే కొండ. ఒకప్పుడు ఇక్కడ గ్రానైట్ క్వారీలు ఉండేవి. రాయి తీయడం ఆగిపోయాక గోతుల్లో నీళ్లు నిండాయి. అలాంటి ఒకదాన్నే ఇప్పుడు లిటిల్ గ్విలిన్ అంటారు, జనం ఫొటోలు దిగడానికి వస్తారు. ఎంఆర్‌టీ స్టేషన్ 1990లో తెరిచారు. స్టేషన్ పక్కనే వెస్ట్ మాల్, అందులో పబ్లిక్ లైబ్రరీ. లోపల కూర్చుని పుస్తకం తీసి చదువుకోవడానికి పైసా అడగరు. నేను హెచ్‌టీఎమ్‌ఎల్ నేర్చుకున్నది చాలావరకు అక్కడే, ఆదివారాలు, ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ మీద.

మొదటి పేజీ ఎందుకు పుట్టింది?

బుకిట్ బటోక్ స్టేషన్ తెరిచిన ఏడాదే, 1990 చివర్లో, స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ మొదటి వెబ్ సర్వర్‌నీ మొదటి బ్రౌజర్‌నీ నడిపించారు. ఆయన డిగ్రీ చదివింది ఫిజిక్స్‌లో. వెబ్ డెవలపర్ అనే ఉద్యోగం అప్పటికి ప్రపంచంలో లేదు, దానికి కోర్సూ లేదు, సర్టిఫికెట్టూ లేదు.

ఆయన పడ్డ ఇబ్బంది మనకు బాగా తెలిసినదే. సెర్న్‌కి ఎన్నో దేశాల నుంచి మనుషులు వస్తారు, రెండేళ్లు పనిచేస్తారు, వెళ్లిపోతారు. మనిషితో పాటు ఆయనకు తెలిసిన విషయం కూడా వెళ్లిపోతుంది. సైట్‌లో పాత ఫోర్‌మన్ ఊరెళ్లిపోయాక ఏ వాల్వ్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు చూడండి, అదే బాధ. దానికి పరిష్కారంగా ఆయన 1989 మార్చిలో ఒక ప్రతిపాదన రాసి ఇచ్చారు. కాగితాలన్నీ ఒకదానికొకటి లింకులతో కలిపి ఉంచుదాం, ఎవరి కంప్యూటర్ నుంచైనా చదువుకునేలా చేద్దాం అని. వెబ్ అక్కడ పుట్టింది. ఆ మొదటి సర్వర్ మీద, దీన్ని ఆపొద్దు అని ఎర్ర సిరాతో రాసిన చీటీ అంటించి ఉండేది. ఛార్జింగ్ సాకెట్ మీద మనం అంటించే చీటీ లాంటిదే.

1991లో బయటికొచ్చిన మొదటి హెచ్‌టీఎమ్‌ఎల్ వివరణలో ఉన్నవి 18 ట్యాగులే. శీర్షికకు ఒకటి, పేరాకు ఒకటి, జాబితాకు ఒకటి, లింకుకు ఒకటి, ఇలా. ట్యాగ్ అంటే భయపడాల్సిందేం లేదు. ఇది హెడ్డింగు, ఇది పేరా అని మాటకు ముందూ వెనకా పెట్టే గుర్తు, అంతే. ఆ 18లో సగానికి పైగా ఈరోజుకీ పనిచేస్తున్నాయి.

ఇంకో సంగతి. బెర్నర్స్-లీ చేసిన మొదటి బ్రౌజర్‌లో చదవడమే కాదు, రాయడం కూడా కుదిరేది. తర్వాత జనంలోకి వెళ్లిన బ్రౌజర్లు చదవడానికే పరిమితమయ్యాయి. అయినా వాటిలో ఒక కిటికీ మిగిలింది. ఏ పేజీ అయినా తెరిచి వ్యూ సోర్స్ నొక్కితే, వెనకాల రాసింది కనపడుతుంది. 1990లలో ఎంతోమంది నేర్చుకున్నది అలాగే: పక్కవాడి పేజీ తెరిచి చూడడం, కాపీ చేసుకోవడం, ఒక ముక్క మార్చి ఏమవుతుందో చూడడం. మేస్త్రీ పక్కన నిలబడి పని నేర్చుకున్నట్టే.

ఇది ఉచితంగా ఉండడం కూడా ఒక నిర్ణయమే. ఆ రోజుల్లో వెబ్‌కి పోటీగా గోఫర్ అనే పద్ధతి ఉండేది. 1993లో దాని యజమాని అయిన మిన్నెసోటా విశ్వవిద్యాలయం, కొందరి దగ్గర లైసెన్సు ఫీజు తీసుకుంటామంది. జనం వెనక్కి తగ్గారు. అదే ఏడాది ఏప్రిల్ 30న సెర్న్, వెబ్ సాఫ్ట్‌వేర్ అందరిదీ, ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు అని ప్రకటించింది. గోఫర్ కనుమరుగైంది, వెబ్ నిలిచింది. కాబట్టి హెచ్‌టీఎమ్‌ఎల్ మెటీరియల్ అంటూ ఎవరైనా మీ దగ్గర వేలు అడిగితే ఈ తారీఖు గుర్తుచేసుకోండి.

మన అక్షరాలు ఎలా ఎక్కాయి?

మొదటి వెబ్ అంతా ఇంగ్లీషే. మన భాషలు ఎక్కిన కథలో సింగపూర్‌కి పెద్ద వాటా ఉంది. 1995లో ఇక్కడి కవుల కవితలను దేశంలోని నాలుగు అధికార భాషల్లో, అంటే మలయ్, చైనీస్, తమిళం, ఇంగ్లీషులో, వెబ్‌లో పెట్టారు. తమిళం వెబ్ మీద కనపడిన తొలి సందర్భాల్లో అదొకటి. దాని వెనకున్నవారిలో ఇద్దరి పేర్లు గుర్తుపెట్టుకోండి. ఒకరు టాన్ టిన్ వీ, సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ అధ్యాపకుడు. ఇంకొకరు నా. గోవిందసామి, తమిళం బోధించే అధ్యాపకుడు, కథలు రాసే మనిషి. ఆయన కణియన్ పేరుతో తమిళ ఫాంట్లు, కీబోర్డు తయారుచేశారు. 1997లో తమిళ్‌నెట్ సదస్సు కూడా సింగపూర్‌లోనే జరిగింది. తమిళ పాఠం చెప్పే మాస్టారు, కెమిస్ట్రీ చెప్పే మాస్టారు కలిసి చేసిన పని ఇది.

తెలుగుకి ఇక్కడ అధికార భాష హోదా లేదు. మన కథ వేరేగా నడిచింది. యూనికోడ్ అంటే ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే పట్టిక. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకి 128 గళ్లు కేటాయించారు. కానీ చోటు ఇవ్వడం వేరు, ఆ చోటికి చేరడం వేరు. ఏళ్ల తరబడి తెలుగు పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్లే వాడాయి. ఆ ఫాంటు మన కంప్యూటర్‌లో లేకపోతే తెర నిండా పిచ్చి గుర్తులే. వెతికినా దొరికేది కాదు, ఎందుకంటే లోపల ఉన్నది నిజంగా తెలుగు అక్షరం కాదు.

దారి వేసింది ఎక్కువగా స్వచ్ఛందంగా పనిచేసినవాళ్లు. అమెరికాలోని తెలుగువాళ్లు 1998లో ఈమాట వెబ్ పత్రిక మొదలుపెట్టారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన వెన్న నాగార్జున, పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చి చూపించే పద్మ అనే బ్రౌజర్ పొడిగింపు కూడా రాశారు. ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు టైప్ చేసే లేఖిని వచ్చింది. ఈ పేజీ మీ ఫోన్‌లో శుభ్రంగా కనపడుతోందంటే వాళ్ల చలవ కూడా ఉంది.

ఒక చిన్న లెక్క చూడండి. అమ్మ అనే మాట తెర మీద రెండు అక్షరాలు. యూనికోడ్‌లో నాలుగు నంబర్లు: అ, మ, పొల్లు, మళ్లీ మ. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం పన్నెండు. మీరు మొదటి పేజీ రాసినప్పుడు పైన యూటీఎఫ్-8 అని ఒక్క లైను పెట్టకపోతే, ఈ పన్నెండింటినీ బ్రౌజర్ తప్పుగా చదివి పిచ్చి గుర్తులు చూపించొచ్చు. ఆ లైను ఎందుకో తెలిశాక మర్చిపోరు.

నేర్చుకుని ఏం చేస్తాం?

ఇక అసలు సంగతి. పైన చెప్పినవాళ్లంతా వెబ్‌కి కొత్తవాళ్లే. కానీ వాళ్లలో చాలామందికి కుర్చీ ఉంది, జీతం ఉంది, సాయంత్రాలున్నాయి. మనకి ఉన్నది వారంలో ఒక ఆదివారం. అది కూడా ఓటీ పడకపోతేనే. ఇక్కడి స్కిల్స్‌ఫ్యూచర్ క్రెడిట్ సింగపూర్ పౌరులకే, మనకు రాదు. కాబట్టి ఆర్నెల్లలో లక్షల జీతం అనే యాడ్‌ని నమ్మి అప్పు చేయకండి.

ఇంకో జాగ్రత్త. సింగపూర్‌లో వర్క్ పర్మిట్ మీదున్న మనిషి, పర్మిట్‌లో ఉన్న యజమాని దగ్గర, అందులో రాసిన పనే చేయాలి. బయటివాళ్లకు డబ్బుకి వెబ్‌సైట్ చేసిపెడితే పర్మిట్‌కే ఎసరు. నేర్చుకోవడం తప్పు కాదు, అమ్ముకోవడం దగ్గరే చిక్కు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు మీ దేశం రూలు ముందు కనుక్కోండి.

మరి ఎందుకు నేర్చుకోవాలి? నేను చేసిన ఒక పేజీ గురించి చెప్తాను. ఇక్కడ 2016 ఏప్రిల్ నుంచి వివరాలతో పే స్లిప్ ఇవ్వడం తప్పనిసరి. నెల జీతగాళ్లకు గంట రేటు లెక్క ఇది: నెల బేసిక్‌ని 12తో గుణించి, 52 ఇంటూ 44, అంటే 2288తో భాగించాలి. దానికి ఒకటిన్నర రెట్లు ఓటీ. బేసిక్ 800 డాలర్లయితే ఓటీ గంటకు సుమారు 6.29. మా గదిలో ఒక తమ్ముడి కంపెనీ 26 రోజులు, 8 గంటలు అని 208తో భాగిస్తోంది. అప్పుడు గంటకు 5.77. తేడా 52 సెంట్లే కదా అనుకోకండి. 60 గంటల ఓటీకి నెలకు 31 డాలర్లు దాటుతుంది.

నా పేజీలో రెండు గళ్లు, ఒక బటన్, కింద తెలుగులో జవాబు. అంతే. దీనికి కావాల్సింది నాలుగైదు ట్యాగులు, పది లైన్ల జావాస్క్రిప్ట్. బ్రెండన్ ఐక్ అనే ఆయన 1995 మేలో పది రోజుల్లో మొదటి రూపం రాసిన భాష అది. అందుకే దానిలో కొన్ని వింతలున్నాయి. గడిలో టైప్ చేసిన అంకెను అది ముందు మాటగానే చూస్తుంది. 800కి 60 కలపమంటే 860 బదులు 80060 అంటుంది. ఇది అంకె అని మనం చెప్పాలి. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరి కాలికీ తగిలే రాయి ఇది.

ఆ తమ్ముడు ఆ పేజీ ఫోన్‌లో చూపించి ఆఫీసులో అడిగాడు. తర్వాతి నెల నుంచి లెక్క మార్చారు. పాత నెలలవి ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు నా మాట ఇదే. ముందు హెచ్‌టీఎమ్‌ఎల్, రంగులూ అమరికా కోసం సీఎస్‌ఎస్, ఆ తర్వాతే జావాస్క్రిప్ట్. ఫ్రీకోడ్‌క్యాంప్ అనే ఉచిత సైట్ 2014 నుంచి ఉంది. దాన్ని పెట్టిన క్విన్సీ లార్సన్ కూడా టీచరుగా పనిచేసి, ముప్పై దాటాక కోడింగ్ పట్టుకున్న మనిషే. ల్యాప్‌టాప్ లేకపోతే గదిలో నలుగురు కలిసి ఒకటి కొనండి. మొదటి పేజీకి పెద్ద ఐడియా వెతక్కండి. మీ గదిలో ఎవరికో రోజూ తెగని లెక్క ఒకటి ఉంటుంది. సైట్ బస్సు టైములో, మెస్ ఖాతానో, ఊరికి పంపిన డబ్బుల పద్దో. దానికో పేజీ రాయండి.

మీరున్న దేశంలో ఓటీ లెక్క ఎలా వేస్తారో వాయిస్ మెసేజ్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ పది లైన్లూ ఒక్కొక్కటిగా చదివి చెప్తాను. మీ సూత్రం అందులో ఎక్కడ మార్చుకోవాలో కూడా చూద్దాం.