మజిలీలు మారిన మాయాకథలు: ఖరగ్‌పూర్ తెలుగువారి అలౌకిక ప్రణయ కథాపఠనం

బెంగాల్ నాగపూర్ రైల్వే చరిత్రను పరిశీలించే వారికి ఖరగ్‌పూర్ ఒక పెద్ద వర్క్‌షాపుగా, నాలుగు దిక్కుల మార్గాలు కలిసే జంక్షన్‌గా, సుదీర్ఘమైన ప్లాట్‌ఫారంగా పరిచితం. 1072.5 మీటర్ల పొడవు గల ఆ ప్లాట్‌ఫారం, 2013లో గోరఖ్‌పూర్ దానిని అధిగమించే వరకు, ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా ప్రసిద్ధి పొందింది. ఇవన్నీ లెక్కలకు అందే విషయాలు. అక్కడ తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు తీరిక వేళల్లో ఏమి చదివాయి, ఏ కథలకు కరిగిపోయాయి అన్నది మాత్రం ఏ రికార్డులోనూ లేదు. ఆ చదువులో అలౌకిక ప్రణయకథలకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. మనిషికీ గంధర్వునికీ, మనిషికీ దేవకన్యకూ, బ్రతికినవారికీ మరణించినవారికీ, ఒక జన్మకూ మరొక జన్మకూ నడుమ అల్లుకున్న అనురాగమే ఈ కథల ఇతివృత్తం. పిల్లలూ పెద్దలూ సమానమైన ఆసక్తితో చదివిన ఈ సాహిత్యాన్ని పండితులు చిన్నచూపు చూశారు. చరిత్ర విద్యార్థి అలా చూడరాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రైలు తెచ్చిన పాఠకులు

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. 1900లో కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిపై వంతెన పూర్తయి ఖరగ్‌పూర్ హౌరాతో కలిసింది. తూర్పుకోస్తా రైలుమార్గపు ఉత్తరభాగం 1902 ప్రాంతంలో ఈ కంపెనీ చేతికి రావడంతో వాల్తేరు, విజయనగరం, శ్రీకాకుళం సీమలకూ ఖరగ్‌పూర్‌కూ మధ్య ఒకే పాలన, ఒకే దారి ఏర్పడ్డాయి. ఆ దారి వెంబడి ఫిట్టర్లు, కలాసీలు, గ్యాంగ్‌మన్లు, గుమాస్తాలు తరలివచ్చారు. గంజాం జిల్లా బరంపురంలో పుట్టిన వి.వి. గిరి ఈ రైల్వే కార్మికులను సంఘటితం చేశారు. 1927లో ఖరగ్‌పూర్‌లో జరిగిన సమ్మె భారత కార్మికోద్యమ చరిత్రలో పేర్కొనదగినది. నింపురా, మధురాకాటి ప్రాంతాల క్వార్టర్లలో తెలుగు వినిపించడం నాటి నుండి నేటి వరకు సహజమైపోయింది.

వచ్చినవారు తమ వెంట దేవతలను, పిండివంటలను తెచ్చుకున్నట్లే కథలను కూడా తెచ్చుకున్నారు. ఆ కథలలో మొదట చెప్పుకోవలసినవి మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’. కాశీకి నడిచిపోతున్న మణిసిద్ధుడు తనకు తోడుగా వచ్చిన గోపబాలునికి, ప్రతి మజిలీలోనూ అక్కడ కనబడిన వింతకు కారణమైన కథను చెబుతాడు. శాపాలు, రూపాంతరాలు, ఆకాశగమనాలు, అప్సరసల వలపులు ఆ కథల నిండా పరచుకొని ఉంటాయి. ఈ గ్రంథం వెలువడుతున్న కాలమూ, కాశీకి కాలినడకన పోయే అలవాటును రైలు రూపుమాపుతున్న కాలమూ దాదాపు ఒకటే. నడిచేవాని మజిలీ అంతరించింది. కథకు కొత్త మజిలీ కావలసి వచ్చింది. అది రైల్వే స్టేషను అయింది.

స్టేషనులో దొరికిన కథ

రైలు స్టేషనుకూ అలౌకిక కథకూ గల మైత్రి తెలుగువారికే పరిమితం కాదు. అలహాబాదులోని ఎ.హెచ్. వీలర్ సంస్థ 1888లో ‘ఇండియన్ రైల్వే లైబ్రరీ’ పేరిట రుడ్యార్డ్ కిప్లింగ్ కథలను ప్రయాణికుల కోసం చవక పుస్తకాలుగా వెలువరించింది. వాటిలో ఒకటి ‘ది ఫాంటమ్ రిక్షా’. తాను తిరస్కరించిన స్త్రీ మరణించిన తరువాత సిమ్లా వీధుల్లో రిక్షా ఎక్కి తనను వెంటాడుతుండగా క్రుంగిపోయిన ఒక ఆంగ్లేయుని వృత్తాంతం అందులోని ప్రధాన కథ. భారతదేశపు స్టేషన్లలో అమ్ముడైన తొలితరం కథాసంపుటాలలో ఒకటి ప్రేతప్రణయానికి సంబంధించినది కావడం గమనార్హం.

ఏడేళ్ల తరువాత, 1895లో, రవీంద్రనాథ ఠాకూరు ‘క్షుధిత పాషాణ్’ రచించారు. ఆ కథ మొదలయ్యేది రైలు ప్రయాణంలో. జంక్షన్‌లో బండి ఆలస్యం కాగా, తోటి ప్రయాణికుడొకడు విశ్రాంతి గదిలో తన అనుభవాన్ని చెబుతాడు. అతడు నిజాము ప్రభుత్వంలో ప్రత్తి సుంకం వసూలు చేసిన ఉద్యోగి. పగలు లెక్కలు రాసుకుంటూ, రాత్రి ఒక పాడుబడ్డ పాలరాతి సౌధంలో శతాబ్దాల నాటి అంతఃపుర కాంత నీడకు వశమైనవాడు. కథ పతాకస్థాయికి చేరుతుండగా బండి వస్తుంది. కథకుడు ఎక్కి వెళ్లిపోతాడు. విన్నవారిలో ఒకరు అంతా కల్పితమంటారు, మరొకరు ఒప్పుకోరు. ఆ వాదంతో ఇద్దరు బంధువులకు శాశ్వతంగా చెడిపోతుంది. నిజమా, అబద్ధమా అన్న ఈ తగవు అలౌకిక కథను ఎన్నడూ వదలలేదు.

ఖరగ్‌పూర్ ఉన్న మేదినీపూర్ సీమకు ఈ సంప్రదాయంలో సొంత వాటా కూడా ఉంది. నేటి పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని వీరసింహ గ్రామంలో జన్మించిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1847లో ‘బేతాళ పంచవింశతి’ని బెంగాలీ వచనంలో ప్రకటించాడు. ఆధునిక బెంగాలీ గద్యానికి బాట వేసిన పుస్తకాలలో అది ఒకటి. బంకించంద్రుడు 1860లో ఇదే సీమలోని నేగువాలో డిప్యూటీ మేజిస్ట్రేటుగా పనిచేశాడు. అక్కడి సాగరతీరాన్ని రంగస్థలంగా చేసుకొని 1866లో ‘కపాలకుండల’ నవలను వెలువరించాడు. కాపాలికుని కత్తి నుండి బాటసారిని రక్షించి, అతనిని వివాహమాడి, సంసారంలో ఇమడలేకపోయిన వనకన్య గాథ అది. పగలు శిస్తులు, తగాదాలు పరిష్కరించిన అధికారి రాత్రివేళ ఇటువంటి కథను ఊహించాడన్నది మా వంటి ఉద్యోగులకు కొంత ఊరట కలిగించే విషయం.

వారపత్రికల యుగం

1947 జూలైలో ‘చందమామ’ ప్రారంభమైంది. విద్యాసాగరుడు బెంగాలీ వచనంలోకి తెచ్చిన బేతాళుడే, మరికొన్నేళ్లకు ఆ పత్రిక పుటలలో విక్రమార్కుని భుజమెక్కి ఖరగ్‌పూర్ తెలుగు పిల్లలను ప్రశ్నలు అడిగాడు. దాసరి సుబ్రహ్మణ్యం రచించిన ‘తోకచుక్క’ మొదలైన ధారావాహికలు వారిని మాంత్రికుల లోయలలో తిప్పాయి. ఆ పిల్లలలో చాలామంది బడిలో బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు మాధ్యమాలలో చదివేవారు. ఇంట్లో వినే తెలుగుకు అక్షరరూపం చూపినవి పాఠ్యపుస్తకాలకంటె ఈ మాయాకథలే ఎక్కువ.

పెద్దలకు వారపత్రికలు ఉండేవి. దక్షిణం నుండి వచ్చే బండిలో అవి కొంత ఆలస్యంగా దిగేవి. సీరియల్ పుటలు చింపి, వరుసగా పేర్చి, దారంతో కుట్టి, అట్ట వేసి దాచుకోవడం ఇల్లాళ్లకు అలవాటు. ఒక్కొక్క బైండు పది ఇళ్లు తిరిగేది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో వెలువడి తెలుగునాట సంచలనం కలిగించింది. అది ప్రణయకథ కాదు. ఒక పసిపాపపై ప్రయోగించిన క్షుద్రశక్తికీ ఆమె తల్లిదండ్రుల ప్రేమకూ జరిగిన పోరు. మంత్రమా, మనస్తత్వశాస్త్రమా అన్న సందేహాన్ని రచయిత చివరి వరకు నిలిపి ఉంచారు. ఆ తరువాత ఆ బాటలో రచనలు వెల్లువెత్తగా విమర్శకులు వాటికి ‘క్షుద్రసాహిత్యం’ అని పేరు పెట్టారు.

చలనచిత్రాలు ఈ అభిరుచిని మరింత విస్తృతం చేశాయి. ‘పాతాళభైరవి’ (1951)లో తోటమాలి కొడుకు రాకుమారిని పొందడానికి పాతాళశక్తి తోడ్పడింది. ‘మూగమనసులు’ (1964)లో పడవవాడికీ జమీందారు బిడ్డకూ నడుమ ఉన్న మమతను ఊరు సహించలేదు. గోదావరి మింగిన ఆ జంటకు మరుజన్మ దొరికింది. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ (1990)లో ఉంగరం పోగొట్టుకున్న ఇంద్రుని కుమార్తె ఒక టూరిస్టు గైడు ఇంట నిలిచింది.

ఆకర్షణకు మూలం

ఈ కథల వశీకరణశక్తికి కారణాలు వెదకితే అవి కేవలం భయంలోనో, వింతలోనో లేవని తెలుస్తుంది. పై చిత్రాలలో ప్రతి ఒక్కదానిలోనూ ప్రేమకు అడ్డు ఒక సామాజికమైన ఎల్లయే. అంతస్తు, వైధవ్యం, కులం అనే గోడలను కథకుడు లోకాల మధ్య గోడగా, జన్మల మధ్య అగాధంగా మార్చి చూపుతాడు. సంఘం అనుమతించనిదానిని శాపవిమోచనమో పునర్జన్మమో అనుమతిస్తుంది. పెద్దలు కుదిర్చిన సంబంధాలతో, నెలజీతాలతో, రాత్రి డ్యూటీలతో గడిచే జీవితాలలో పెద్దవారు తమకు సాధ్యపడని ఎంపికను అక్కడ చూసుకున్నారు. యౌవనంలో అడుగుపెట్టేవారికి ఆకర్షణ మరొకటి. తన శరీరమే తనకు అపరిచితంగా తోచే వయస్సులో, రూపం మారిపోయే నాయకుడు పాఠకునికి ఆప్తుడవుతాడు. ఇంట ఒక భాష, వీధిలో మరొక భాష మాట్లాడే ప్రవాసాంధ్ర బాలబాలికలకు రెండు లోకాలకు చెందిన పాత్ర పరాయిది కాదు.

ఇది ఆధునికుల కనుగోలు కాదు. పదహారవ శతాబ్దిలో అల్లసాని పెద్దన రచించిన ‘మనుచరిత్రము’లో పాదలేపంతో హిమాలయం చేరిన ప్రవరుని గంధర్వకాంత వరూధిని మోహిస్తుంది. అతడు నిరాకరించి ఇల్లు చేరుతాడు. ఆమెను కోరిన గంధర్వుడు ప్రవరుని రూపం ధరించి ఆమెను పొందుతాడు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో మారురూపాల చిక్కు మరింత జటిలం. ఎవరిని ప్రేమిస్తున్నాం, రూపాన్నా వ్యక్తినా, వంచనతో పొందినది ప్రేమేనా అన్న ప్రశ్నలను ఆ కావ్యాలు అలౌకికం ద్వారానే లేవనెత్తాయి. 2005లో అమెరికాలో వెలువడి, లోకమంతటా యువతను ఆకట్టుకున్న స్టెఫనీ మేయర్ ‘ట్విలైట్’లో రక్తపిపాసి అయిన నాయకుడు తన దాహాన్ని తానే నిగ్రహించుకోవడం కథకు కీలకం. ప్రవరుని నిగ్రహం ధర్మం కోసం, ఇతనిది ప్రేయసి ప్రాణం కోసం. కారణాలు వేరైనా, కోరికకూ సంయమనానికీ మధ్య నలిగే మనస్సే రెండు చోట్లా పాఠకుని పట్టి నిలుపుతుంది.

నాణేనికి రెండవ వైపు

ఇంతవరకు చెప్పినది ఈ సాహిత్యం తరఫున వాదన. న్యాయంగా రెండవ పక్షాన్ని కూడా చెప్పాలి. అది ఈ వ్యాసకర్త స్వానుభవం.

రైల్వే క్వార్టర్లలో మా వరుసలో చివరి ఇంట శ్రీకాకుళం వైపు నుండి వచ్చిన ఒక వృద్ధురాలు ఉండేది. మేమంతా మామ్మ అని పిలిచేవాళ్లం. చదువు రాదు. పదేళ్ల నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ఒక సీరియల్ బైండు చేతికిచ్చి, “తరవాతేటైనాదో సదువు నాయినా” అనేది. మరణించిన భార్య భర్త చెంతకు తిరిగివచ్చే కథ అది. భర్తను ఏనాడో పోగొట్టుకున్న మామ్మ ఆ ఘట్టాలను మళ్లీ మళ్లీ చదివించుకునేది. అదే బైండులో చేతబడి ప్రకరణాలూ ఉన్నాయి. వరుసలోని ఇరుగుపొరుగు కూడా వచ్చి వినేవారు.

ఆ వర్షాకాలంలో పక్కింటి పిల్లవాడికి జ్వరం పట్టుకొని వదలలేదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, మామ్మ పేరు వినిపించింది. ఒంటరిది, రాత్రుళ్లు నిద్రపోదు, అటువంటి కథలే వింటుంది అన్నవి ఆరోపణకు ఆధారాలు. డాక్టరు అది టైఫాయిడ్ అని చెప్పి మందులిచ్చాడు, పిల్లవాడు కోలుకున్నాడు. మాట మాత్రం కోలుకోలేదు. నీళ్లకు వెళితే పక్కకు తప్పుకున్నారు. అరుగు మీదికి రావడం మానుకున్నారు. మా ఇంట్లో కూడా నన్ను అటు వెళ్లవద్దన్నారు, నేను వెళ్లలేదు. మరి కొన్ని నెలలకు ఆమె సొంత ఊరికి బండి ఎక్కింది. ఆ అధ్యాయాలను గొంతెత్తి చదివిన గొంతు నాదే.

దీనికి కథను దోషిగా నిలబెట్టవచ్చునా అని చాలాకాలం ఆలోచించాను. ఒకే పుస్తకం మామ్మకు ఓదార్పు అయింది, పొరుగువారికి అనుమానమైంది. విన్నవారిలో తేడా ఒక్కటే. మామ్మకు అది కథ అని తెలుసు. పోయినవాడు రాడని తెలిసే, వస్తే ఎలా ఉంటుందో వినడానికి ఆమె కూర్చునేది. అలౌకిక ప్రణయకథ పాఠకుని నుండి కోరేది ఈ ఎరుకనే. అది లేనిచోట వరూధిని కథ కూడా హాని చేస్తుంది. ఈ ఎరుకను పిల్లలకు నేర్పవలసిన బాధ్యత కథ చదివి వినిపించేవారిది, చదువు చెప్పేవారిది. బేతాళుడు కథ ముగించి ప్రశ్న అడిగేది అందుకే కాబోలు: విన్నావు సరే, విచారించావా?

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషగా గుర్తింపునిచ్చేందుకు ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల వాంఛ అది. భాషకు గుర్తింపు ఉత్తర్వులతో వస్తుంది. ఆ భాష అంతకాలం ఎలా బ్రతికిందన్న చరిత్ర ఉత్తర్వులలో ఉండదు. అది దారంతో కుట్టిన సీరియల్ బైండులలో, అట్టలు ఊడిన ‘చందమామ’లలో ఉంది. క్వార్టర్లు ఖాళీ చేసేటప్పుడు పాతకాగితాల వానికి తూకానికి పోతున్నవి అవే. అక్కడి గ్రంథాలయాలు, సాంస్కృతిక సంఘాలు వాటిని సేకరించి భద్రపరచడం మంచిది. వాటితోపాటు ఎవరు చదివారు, ఎవరు విన్నారు, విన్న తరువాత ఏమి జరిగింది అన్నదీ నమోదు కావాలి. మామ్మ దగ్గరున్న బైండు ఆమెతోనే వెళ్లిపోయింది. చివరి అధ్యాయం నేను ఆమెకు చదివి వినిపించనేలేదు.