కుర్సురా గాజీని ముంచిందా?

విశాఖ రామకృష్ణా బీచ్‌లో ఇసుక మీద ఒక జలాంతర్గామి ఉంది. పేరు ఐ.ఎన్.ఎస్. కుర్సురా. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 2001 ఫిబ్రవరిలో విరమించింది. 91 మీటర్ల ఆ ఉక్కు నౌకను ఒడ్డుకు లాగి, పునాది మీద నిలిపి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. తెలివైన పని. ముంబైలో విక్రాంత్‌ను నీళ్ళలోనే ఉంచి చూపించారు. 2012లో భద్రత లేదని మూసేశారు. 2014లో తుక్కు కింద కోయడం మొదలుపెట్టారు. దేశభక్తి ఎంతున్నా ఉప్పునీటి తుప్పు ఆగదు కదా!

నేను కుర్సురా చూడ్డానికి వెళ్ళినప్పుడు నా ముందు ఒక తండ్రి, పదేళ్ళ కొడుకు నడుస్తున్నారు.

"డెబ్భై ఒకటి యుద్ధంలో పాకిస్తాన్ గాజీని ముంచింది ఇదేరా."

"నీకెలా తెలుసు నాన్నా?"

"అందరికీ తెలుసు."

నిజానికి ఆ యుద్ధంలో కుర్సురా అటువైపు, అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. గాజీ మునిగింది ఇటువైపు, విశాఖ రేవు బయట, 1971 డిసెంబరు 3-4 రాత్రి. అందులో ఉన్న 93 మందీ చనిపోయారు. డెప్త్ ఛార్జీలతో ముంచింది ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ అని మన నౌకాదళం చెప్పింది. ప్రమాదమో, తాను పరిచిన మందుపాతరో కారణమని పాకిస్తాన్ అంటుంది. లోపలి పేలుడు కావచ్చని మన విశ్రాంత అధికారుల్లోనే కొందరు రాశారు. ఇప్పటికీ తేలలేదు.

దేవుడి మహిమలకు ఆధారం అడిగే మనం యుద్ధగాథల దగ్గర మాత్రం ఎందుకు తగ్గుతాం? అడిగితే దేశద్రోహి అంటారని భయం. కుర్సురా 31 ఏళ్ళ సేవకు అబద్ధపు కిరీటం అక్కర్లేదు. ఆ ఇరుకు గదుల్లో మనుషులు ఎలా బతికారో చూస్తే చాలు, గౌరవం దానంతటదే వస్తుంది. మ్యూజియం గుడి కాదు. దండం పెట్టడానికి కాదు, తెలుసుకోవడానికి వెళ్ళాలి.

ఆ రోజు నేనూ నోరు మెదపలేదు. పిల్లాడి ముందు తండ్రిని చిన్నబుచ్చడం ఎందుకులే అనుకున్నాను. అది మర్యాదో, పిరికితనమో ఇంకా తేల్చుకోలేదు. హేతువాదినని చెప్పుకునే నేను అడగాల్సిన ప్రశ్న ఆ పిల్లాడే అడిగాడు. వాడికి జవాబు మాత్రం దొరకలేదు.