ఓరుగల్లును చూసిన చూపులు

పాత కట్టడాలను చూడటానికి బయల్దేరడం ఈనాటి అలవాటు కాదు. క్రీ.శ. 130లో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ ఈజిప్టు వెళ్ళి, అప్పటికే దాదాపు పదిహేను వందల ఏళ్ళ నాటివైన మెమ్నాన్ విగ్రహాలను చూశాడు. ఆయన పరివారంలోని కవయిత్రి జూలియా బాల్బిల్లా పద్యాలు ఆ రాతి మీద ఇప్పటికీ ఉన్నాయి. మన ఓరుగల్లుకూ అలా వచ్చి చూసినవారి చరిత్ర ఒకటుంది.

మొదట వచ్చినవారు భక్తులు. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు హనుమకొండలో వేయి స్తంభాల గుడి కట్టించి శివుడికీ, విష్ణువుకూ, సూర్యుడికీ ఒకేచోట మూడు గర్భాలయాలు అమర్చాడు. అచింతేంద్రుడు రచించిన సంస్కృత శాసనాన్ని అక్కడ నిలబెట్టాడు. దర్శనానికి వచ్చినవారికి దైవంతో పాటు రాజు విజయాలు కూడా తెలియాలన్నది దాని ఉద్దేశం.

గుడి దాటి ఊరంతా కలియతిరిగిన చూపు క్రీడాభిరామంలో దొరుకుతుంది. వినుకొండ వల్లభరాయుడిదిగా చెప్పే ఈ వీథి నాటకంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరూ ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. రూక ఇచ్చి పూటకూళ్ళ ఇంట్లో భోంచేస్తారు. పల్నాటి వీరుల కథ పాడుతుంటే వింటారు, కోడిపందేలు చూస్తారు, ఏకవీర గుడికి వెళతారు. కాకతీయ రాజ్యం పోయిన తర్వాత వెలసిన కావ్యం కాబట్టే, ఇందులో రాళ్ళతో పాటు ఆ నగరపు మనుషులూ మిగిలారు.

కోటను శత్రువులూ చూశారు. 1310 నాటి ఢిల్లీ సైన్యపు ముట్టడిని వర్ణించిన ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో, ఉక్కు ఈటె కూడా దిగనంత గట్టిదని ఇక్కడి మట్టికోట గురించి రాశాడు. 1323లో ఢిల్లీ సైన్యం కోటను పట్టుకుంది. ఓరుగల్లు సుల్తాన్‌పూర్ అయింది. కోటలోని స్వయంభూ శివాలయం నేలమట్టమైంది. దాని నాలుగు దిక్కులా ఉన్న కీర్తితోరణాలు మాత్రం నిలిచాయి. వాటి మీద హంసలు, తామర మొగ్గలు, పూలదండలే తప్ప దేవతామూర్తులు లేకపోవడమే అందుకు కారణమని కొందరు పండితుల అభిప్రాయం.

ఆ తర్వాత చాలాకాలానికి చదివే చూపు వచ్చింది. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను ఏర్పాటు చేసింది. దాని అధిపతి గులాం యజ్దానీ పాలంపేట ఆలయాల మీద రాసిన గ్రంథం 1922లో వెలువడింది. తెలుగువారి వైపు నుంచి లక్ష్మణరాయ పరిశోధక మండలి ఊరూరా శాసనాలు సేకరించి, 1935లో ‘తెలంగాణా శాసనములు’ ప్రచురించింది. పొదల్లో పడి ఉన్న రాళ్ళు చరిత్రకు ఆధారాలయ్యాయి. ఈనాడు మనం కాకతీయుల గురించి చెప్పుకునే మాటల్లో చాలా భాగం వారి కష్టమే.

2021 జూలై 25న యునెస్కో పాలంపేటలోని రామప్ప గుడిని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించడంతో సందర్శకులకు ఓరుగల్లు సీమ పేరు కొత్తగా వినిపించింది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. ఇసుక నింపిన పునాది, నీటిలో తేలే ఇటుకల శిఖరం దాని ప్రత్యేకతలు. ఎర్రటి ఇసుకరాతి గోడల పైన, చూరు కింద వాలుగా నిలిచిన నల్లరాతి మదనికల ముందు ఆగి తల ఎత్తి చూడండి. ఒకామె కాలికి ఎత్తు మడమల చెప్పులు. ఒంటి మీది హారాల్లో పూస పూసకూ మధ్య సందు కనబడుతుంది. ఇలాంటివి నిలబడి చూసినవారికే దక్కుతాయి.

ఇప్పుడు చాలామంది వేయి స్తంభాల గుడి, భద్రకాళి, కోట, రామప్ప, లక్నవరం అన్నీ ఒకే రోజులో ముగించేస్తున్నారు. ఒక్కోచోట నాలుగు ఫొటోలు, అంతే. అది సందర్శన కాదు, హాజరు వేయించుకోవడం. ఒక్క కోటకే ఒక పూట ఇవ్వండి. మట్టికోట ఎక్కి నడవండి, దాని లోపల నేటికీ కాపురాలు ఉంటున్న వారితో మాట్లాడండి, పిల్లలకు శాసనం చూపించండి. గీతలు గీయకండి, శిల్పాలను తాకకండి. ఎనిమిది వందల ఏళ్ళు నిలిచిన రాయిని రాబోయే తరానికి అప్పగించాల్సిన బాధ్యత చూసి వెళ్ళే ప్రతి ఒక్కరిదీ.